యతి తప్పిన దేహం

ఈ నాలుగు మాటలు వ్రాయడానికి నాకు మూడు వారాలు పట్టింది. రోజుకు రెండు విడతలు, విడతకు పదిహేను నిముషాలు. అంతకు మించి వ్రాయకూడదని నాకు నేనే పెట్టుకున్న నియమం. ముప్ఫై యేండ్లకు పైగా పరీక్షల గదిలో నిలబడి "గంట కొట్టేదాకా కలం క్రింద పెట్టకండి" అని పిల్లలకు చెప్పినవాడిని. ఇప్పుడు గంట మ్రోగితే వాక్యం సగంలో ఉన్నా కలం క్రింద పెట్టేస్తున్నాను. ఎందుకు ఇట్లా అయిందో, దీనివల్ల నాకేమి మేలు జరిగిందో చెప్పాలని ఈ ప్రయత్నం.

2021 ఏప్రిల్‌లో కరోనా రెండవ అల వచ్చినప్పుడు మహారాష్ట్ర సరిహద్దున ఉన్న మా నిజామాబాదు జిల్లా అతలాకుతలమైంది. నాకూ సోకింది. తొమ్మిది రోజుల జ్వరం. వ్రేలికి తగిలించే చిన్న యంత్రంలో ప్రాణవాయువు అంకె 93కు దిగి, అక్కడే ఊగిసలాడి, మెల్లగా పైకి వచ్చింది. ఆసుపత్రికి పోవలసిన అవసరం పడలేదు. మా వీధిలోనే ఇద్దరు వెళ్ళిపోయిన రోజులవి. బ్రతికి బట్టకట్టానని దేవుడికి దండం పెట్టుకున్నాను. అక్కడితో కథ ముగిసిందనే అనుకున్నాను.

ఆగస్టులో బంధువుల అమ్మాయి పద్యం నేర్చుకోవడానికి వచ్చింది. శార్దూలం ఎత్తుకున్నాను. పాదానికి 19 అక్షరాలు. కొన్ని వేలసార్లు చదివిన నడక అది. మొదటి పాదం సగం దాటిందో లేదో, తరువాతి పదం మాయమైపోయింది. ఊపిరి అందక కాదు, గొంతు పట్టక కాదు. దీపం వత్తి ఎవరో క్రిందికి లాగినట్లు తలలో వెలుతురు తగ్గిపోయింది. పిల్ల నా ముఖం చూసి భయపడి "తాతా, నీళ్ళు తేవాల్నా?" అన్నది. ఆ సాయంత్రం పడుకున్నవాడిని మరునాటి మధ్యాహ్నం దాకా లేవలేకపోయాను. లేచిన తరువాత కూడా నిద్రపోయినట్లు లేదు, ఎవరో రాత్రంతా నన్ను మోసుకు తిరిగి అలసిపోయి దించినట్లున్నది.

మా ముప్కాల్ కష్టజీవుల ఊరు. 2016లో క్రొత్తగా మండల కేంద్రమైంది, అంతకు మునుపు బాల్కొండ మండలంలో ఉండేది. పసుపు, మక్క, ఎర్రజొన్న, వరి పండిస్తారు. పొలం పని లేని ప్రొద్దున ఆడవాళ్ళ ఒడిలో బీడీల చాట ఉంటుంది. మగవాళ్ళు చాలామంది గల్ఫు ఎండల్లో ఉంటారు. ఇటువంటి ఊరిలో పట్టపగలు మంచం మీద పడి ఉన్న మనిషిని లోకం రెండు చూపులు చూస్తుంది. మొదటి నెల జాలి, రెండవ నెల అనుమానం. కాలు విరిగితే కట్టు కనిపిస్తుంది. జ్వరమైతే చేయి పెట్టి చూడవచ్చు. నా జబ్బుకు చూపించడానికి ఏమీ లేదు. మా శ్రీమతి సైతం మొదట్లో "పొద్దుందాక పండుకుంటే పానం గట్లనే ఉంటది, జెర లేచి తిరగరాదుండ్రి" అనేది. ఆమెది తప్పని ఈనాటికీ అనను. నేనే ఆమె స్థానంలో ఉంటే అంతకంటే గట్టిగా అనేవాడిని. అన్నవాడిని కూడా; ఆ సంగతి తరువాత చెబుతాను.

పరీక్షలన్నీ చేయించుకున్నాను. రక్తం, చక్కెర, థైరాయిడ్, కాలేయం, మూత్రపిండాలు, గుండె పట్టీ, ఎదురొమ్ము చిత్రం, విటమిన్ల లెక్క. అన్నింటి మీదా "నార్మల్" అనే ముద్ర. జీవితంలో అన్ని పరీక్షలూ ఉత్తీర్ణుడనై ఇంతగా దిగులుపడింది అదొక్కసారే. ఒక వైద్యుడు "విశ్రాంత జీవితం కదా, మనసుకు వ్యాపకం లేక ఇట్లా అనిపిస్తుంది" అన్నారు. మరొకరు నడక చెప్పారు. రోజుకు 500 అడుగులతో మొదలుపెట్టి వారం వారం 500 పెంచుతూ పోవాలన్నారు. నేను క్రమశిక్షణ కలవాడిని. 2022 సంక్రాంతి నాటికి 3000 అడుగులు చేశాను. ప్రతి నడక తరువాతి రోజు ఒళ్ళంతా పచ్చి పుండులా ఉండేది. గొంతు నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, ఎదుటివారి మాట అర్థం కావడానికి రెండు క్షణాలు పట్టడం. "మొదట్లో అట్లాగే ఉంటుంది, ఆపకండి" అన్నారు. ఆపలేదు. ఫిబ్రవరి మొదటి వారంలో స్నానాల గదిలో కుప్పకూలాను. తరువాత ఆరు వారాలు నేను చూసిన ప్రపంచం ఇంటి దూలాలే.

ఆ యేడు జూన్‌లో మా అబ్బాయి హైదరాబాదు తీసుకుపోయాడు. అక్కడ ఒక డాక్టరమ్మ నా మాట తుంచకుండా నలభై నిముషాలు విన్నది. చివరికి ఒకే ప్రశ్న అడిగింది: "పని చేసినప్పుడు అలసిపోతున్నారా, పని చేసిన మరునాడు పడిపోతున్నారా?" మరునాడని చెప్పాను. అప్పుడు ఆమె జబ్బు పేరు చెప్పింది. మయాల్జిక్ ఎన్సెఫలోమైలైటిస్, లేదా క్రానిక్ ఫటీగ్ సిండ్రోమ్. మొదటి పేరుకు నోరు తిరగదు. రెండవ పేరు నోటికి సులువే గాని అర్థాన్ని దారి తప్పిస్తుంది. దీర్ఘకాలిక అలసట అనగానే వినేవాడు "సాయంత్రానికి అందరికీ ఉండేదేగా" అంటాడు.

ఆమె చెప్పినదీ, ఆ తరువాత విడతలు విడతలుగా చదివి తెలుసుకున్నదీ కలిపి చెబుతాను. 1955లో లండన్‌లోని రాయల్ ఫ్రీ ఆసుపత్రిలో సుమారు 300 మంది, ఎక్కువమంది సిబ్బందే, అంతుపట్టని జబ్బుపడ్డారు. ఆసుపత్రినే కొంతకాలం మూసివేశారు. 1970లో ఇద్దరు మానసిక వైద్యులు ఆ రోగులను స్వయంగా పరీక్షించకుండానే, పాత కాగితాలు చూసి, అది సామూహిక ఉన్మాదమని తేల్చారు. ఆ ముద్ర దశాబ్దాలపాటు పోలేదు. క్రానిక్ ఫటీగ్ సిండ్రోమ్ అనే పేరు 1988లో అమెరికాలో పెట్టింది. 2015లో ఆ దేశపు వైద్య సంస్థ ఒకటి వేలాది పరిశోధనా పత్రాలు తిరగవేసి, ఇది మనసు కల్పించినది కాదు, దేహానికి వచ్చిన గట్టి జబ్బేనని చెప్పి లక్షణాలు నిర్ణయించింది. ఆరు నెలలకు మించి మునుపటి పనులు చేయలేనంత అలసట, శ్రమ తరువాత స్థితి దిగజారడం, ఎంత పడుకున్నా సేద తీరని నిద్ర ఉండాలి. వీటితోపాటు బుద్ధి మందగించడమో, నిలబడితే తల తేలిపోవడమో ఉండాలి. మునుపు క్రమంగా వ్యాయామం పెంచమని చెప్పిన బ్రిటన్ వైద్య మార్గదర్శక సంస్థే 2021 అక్టోబరులో ఆ సలహాను ఉపసంహరించుకున్నది. అంటే నేను సంక్రాంతికి 3000 అడుగులు లెక్కపెట్టుకుంటున్న నాటికి, ఆ నడక కూడదని అక్కడ వ్రాసిపెట్టి రెండు నెలలు దాటింది.

ఈ జబ్బును రక్తం చూసి చెప్పే పరీక్ష లేదు, నయం చేస్తుందని రుజువైన మందూ లేదు. చాలామందికి ఏదో ఒక విషజ్వరం తరువాత మొదలవుతుంది. కరోనా తరువాత ఇటువంటివారి సంఖ్య లోకమంతటా పెరిగింది.

పండిత శిక్షణ పొందినవాడిని గనుక నా చేయి ముందు నిఘంటువు మీదికి పోయింది. అలసట, బడలిక, సొలపు, డస్సిపోవుట, నిస్సత్తువ అని మనకు మాటలకు కొదవ లేదు. కాని అవన్నీ శ్రమకు ఫలితాలు. దుక్కి దున్నినవాడు డస్సిపోతాడు, దూరం నడిచినవాడు బడలిపోతాడు. నాకు కావలసిన మాట సుశ్రుత సంహిత శారీరస్థానంలో దొరికింది: 'క్లమం'. శ్రమపడకుండానే దేహంలో పెరిగే అలసట, రొప్పు ఉండదు, ఇంద్రియాలు తమ తమ విషయాలను పట్టుకోకుండా అడ్డుకుంటుందని దానికి లక్షణం చెప్పారు. అదే ఇది అని నేను వాదించను. కాని ఊపిరి ఆడుతూనే పదం మాయమైన ఆ ఆగస్టు సాయంత్రం గుర్తుకు వచ్చి, పుస్తకం మూసి కొంతసేపు అట్లాగే కూర్చున్నాను. ఎన్నో శతాబ్దాల నాడే ఎవరో ఒక రోగి మాటను ఒక వైద్యుడు నమ్మాడన్నమాట.

పేరు దొరికింది గాని దారి దొరకలేదు. ఆ దారి చూపినది వైద్యుడు కాదు, మా ఎదురింటాయన. పోచంపాడు జలాశయం కాలువల మీద లష్కర్‌గా చేసి విశ్రాంతి తీసుకున్నాడు. తూములెత్తడం, దించడం, నీళ్ళ లెక్క చూడడం ఆయన యావజ్జీవితపు పని. 2022 జూలైలో గోదావరి పొంగి గేట్లెత్తినప్పుడు ఊరంతా కట్ట మీదికి పోయింది. నేను పోలేక అరుగు మీద పడుకొని ఉంటే ఆయన వచ్చి కూర్చున్నాడు. నిరుడు సంక్రాంతికి ఇంత బలంగా ఉన్నవాడిని ఇట్లా ఎందుకయ్యానని వాపోయాను. ఆయన చుట్ట ప్రక్కన పెట్టి అన్నాడు:

"సారూ, పోచంపాడు కట్టిన్నాడు 112 టీఎంసీలు. పూడిక మ్యాట వేసి వేసి 90కి వచ్చె. తర్వాత మల్ల కొలిస్తే 80 అన్నరు. గని కట్ట మీద నిలవడి జూడుండ్రి, నిండితె గదే 1091 అడుగులు. జూసెటోనికి చెర్వు నిండినట్టే. అడుగున పూడిక ఎవనికి కండ్లవడ్తది? పాత లెక్కల నీళ్ళు ఇడిశిపెడితె ఆఖరి తడికి కాలువ ఎండుతది."

"మరి ఏం చేస్తారు?" అన్నాను.

"ఏం జేస్తం? ఉన్న నీళ్ళే లెక్క. ఏడు దినాలు ఇడుస్తం, ఎనిమిది దినాలు బంద్ వెడ్తం. బంద్ వెట్టిన్నాడు రైతులు మమ్ముల తిడ్తరు. తిట్టనీ. పంట మాత్రం చేతికొస్తది."

నెహ్రూగారు 1963లో శంకుస్థాపన చేసిన ఆ ప్రాజెక్టు గురించి పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాను. వారబందీ అనే మాట విని విని చెవులు అలవాటు పడినవాడినే. కాని అది నా దేహానికి కూడా వర్తిస్తుందని తోచలేదు. నేను ఇన్నాళ్ళూ పాత లెక్క ప్రకారం, 112 టీఎంసీల మనిషిగా నన్ను నేను విడుదల చేసుకుంటున్నాను. కాస్త నీరు చేరగానే తూములన్నీ ఎత్తడం, ఎండిపోయి ఏడవడం, మళ్ళీ కాస్త చేరగానే మళ్ళీ ఎత్తడం. మంచిగా ఉన్న రోజే నా కొంప ముంచుతున్నది, చెడ్డ రోజు కాదు.

ఆ రాత్రే పాత హాజరుపట్టీ ఒకటి వెదికి తీసి, విద్యార్థుల పేర్లు ఉండవలసిన గడిలో నా పనుల పేర్లు వ్రాశాను. స్నానం, భోజనం, చదువు, సంభాషణ, నడక, ఫోను. ప్రక్కన ఎన్ని నిముషాలు చేశానో, ఆ రోజు ఎట్లున్నదో, మరునాడూ ఎల్లుండీ ఎట్లున్నదో వ్రాసేవాడిని. రెండు నెలలకు లెక్క తేలింది. దెబ్బ ఆ పూట తగలదు, ఇరవై నాలుగు గంటల నుండి రెండు రోజుల తరువాత తగులుతుంది. ఇంకొక విచిత్రం, మాట నడక కంటే ఖరీదు. ఇంటికి వచ్చినవారితో అరగంట లోకాభిరామాయణం నాకు 600 అడుగులతో సమానం. కోపం అన్నింటికంటే ఖరీదు. దూరదర్శినిలో రాజకీయ చర్చలు చూడడం మానడానికి నాకు ఇంతకంటే శాస్త్రీయమైన కారణం ఎన్నడూ దొరకలేదు.

అప్పుడు రోజును పీరియడ్లుగా విభజించుకున్నాను. పని పది నిముషాలు, తరువాత విశ్రాంతి ఇరవై నిముషాలు. విశ్రాంతి అంటే కండ్లు మూసి, పాటా మాటా లేకుండా, వెల్లకిలా పడుకోవడం. పేపరు చదవడం విశ్రాంతి కాదని ఒప్పుకోవడానికే ఒక నెల పట్టింది. ఫోనులో గంట పెట్టుకున్నాను. అసలు మెలకువ ఏమిటంటే అలసట రాకముందే ఆపాలి. వచ్చిన తరువాత ఆపితే అప్పటికే ఆలస్యం. కరోనా నాటి ఆ వ్రేలి యంత్రం నాడి కూడా చూపిస్తుంది. డాక్టరమ్మ లెక్కకట్టి, నాడి నిముషానికి 95 దాటితే చేస్తున్నది ఆపి కూర్చోమన్నది. స్నానానికి ప్లాస్టిక్ కుర్చీ వేయించుకున్నాను. కూరగాయలు కూర్చొని తరుగుతాను. నిలబడితే తల తేలిపోవడానికి ఆమె చెప్పిన ప్రకారం నీళ్ళూ ఉప్పూ పెంచాను, లేచే ముందు రెండు నిముషాలు మంచం అంచున కూర్చుంటాను. రక్తపోటు ఉన్నవారు వైద్యుని అడగకుండా ఉప్పు జోలికి పోకండి.

ఇక్కడ పండితుడి గోల ఒకటి వినిపించక తప్పదు. సంస్కృత ఛందస్సులో యతి అంటే విరామం. శార్దూలంలో పన్నెండవ అక్షరం మీద పదం ముగియాలి, గొంతు ఆగాలి. తెలుగులో మనం ఆ ఆగడాన్ని తీసివేసి, పదమూడవ అక్షరానికి పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదిర్చాము. పదం యతిస్థానం మీదుగా దూసుకుపోవచ్చు, ఆగనక్కరలేదు. దానికి విరతి, విశ్రమం అనే పేర్లు మాత్రం మిగిలే ఉన్నాయి. ముప్ఫై యేండ్లు నేను ఈ తేడాను నల్లబల్ల మీద వ్రాసి మార్కులు వేశాను గాని, నా బ్రతుకు ఏ యతితో నడుస్తున్నదో చూసుకోలేదు. ఇప్పుడు పన్నెండవ అక్షరం దగ్గర నిజంగానే ఆగి, కండ్లు మూసుకొని, తరువాతి ఏడు అక్షరాలు ఎత్తుకుంటున్నాను. పద్యం పూర్తవుతున్నది.

బాగుపడడం ఎట్లున్నదో అంకెల్లో చెబుతాను, ఇటువంటి స్థితిలో ఉన్నవారికి ఆసరాగా ఉంటుంది. 2022 ఆగస్టులో రోజుకు 200 అడుగులు, పది నిముషాల చదువు. మొదటి మూడు నెలలు ఏమీ పెంచలేదు. చేయగలిగినదాని కంటే తక్కువే చేశాను. పట్టీలో వరుసగా మూడు వారాలు పతనం లేకపోతే అప్పుడు మాత్రమే ఒక్క పనికి, ఒక్క దానికే, పదవ వంతు కలిపాను. పతనం వస్తే మారు మాట్లాడకుండా వెనుకటి మెట్టుకు దిగాను. 2023 వేసవికి 700 అడుగులు. 2024లో వైరల్ జ్వరం ఒకటి వచ్చి మళ్ళీ 300కు దింపింది. ఆ యేడు సగం దానికే పోయింది. 2025 చివరికి 1800 అడుగులు, రోజుకు రెండు గంటల చదువూ వ్రాతా, విడతలు విడతలుగా. కరోనాకు ముందటి నన్ను నూరు అనుకుంటే అధమంగా పది, ఇప్పుడు నలభై అయిదు. నయమైందని అనను. నాలాగా మెరుగుపడనివారు, ఇంతకంటే జాగ్రత్తగా ఉండి కూడా మంచం దిగలేనివారు ఎందరో ఉన్నారు. ఇది నా గొప్ప కాదు, కొంత అదృష్టం.

ఆ అదృష్టంలో పెద్ద భాగం మా శ్రీమతి. నేను ఆగిన ప్రతి పది నిముషాల పని వెనుక ఆమె చేసిన పని ఉన్నది. నేను పడుకుంటే కుండలో నీళ్ళు వాటంతటవే నిండలేదు. నా పట్టీలో ఆమె మోకాళ్ళ నొప్పికి గడి లేదు. ఈ సంగతి నాకు రెండేండ్ల తరువాత గాని తట్టలేదని చెప్పడానికి సిగ్గుపడుతున్నాను. ఇప్పుడు ఆమెకూ ఒక వరుస గీశాను. "నాకెందుకు గీ పట్టీలు" అని నవ్వింది గాని, మధ్యాహ్నం గంట మ్రోగినప్పుడు తానూ వచ్చి కాళ్ళు చాపుకుంటున్నది.

2023 జూలైలో ఒక పరీక్ష ఎదురైంది. కాళేశ్వరం నీటిని వరద కాలువలో వెనుకకు ఎదురెక్కించి పోచంపాడులో పోసే పథకంలో రాంపూర్, రాజేశ్వర్‌రావుపేట తరువాత మూడవ పంపుహౌస్ మా ముప్కాల్‌దే. నీళ్ళు వచ్చాయని ఊరు ఊరంతా కదిలింది. మనుమడు "తాతా, కారులోనే పోదాం, దిగకు" అని బ్రతిమిలాడాడు. పట్టీ తీశాను. ఆ వారంలో అప్పటికే రెండు పెళ్ళి పలకరింపులు, ఒక పంటి వైద్యం అయినవి. పోలేదు. మా ఊరి పేరు పెట్టుకున్న చోట నీళ్ళు ఎదురెక్కుతుంటే, నేను చీకటి గదిలో పడుకొని డప్పుల చప్పుడు విన్నాను. ఆ రోజు ఏడ్చాను. కాని మరునాడు లేచి కూర్చున్నాను. ఎల్లుండి కూడా. అది నా మొదటి గెలుపు, చూసినవారు లేరు. మూడు నెలల తరువాత జనం లేని ఒక ఉదయం పోయి, కుర్చీ వేసుకొని ఇరవై నిముషాలు కాలువను చూసి వచ్చాను.

ఇక చెబుతానన్న సంగతి. 2006లో చికున్‌గున్యా జ్వరాలు రాష్ట్రమంతా ముంచెత్తినప్పుడు తొమ్మిదవ తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. జ్వరం తగ్గి బడికి వచ్చింది గాని, మధ్యాహ్నం కాగానే తల బల్ల మీద వాల్చేది. నాలుగైదు సార్లు చెప్పాను. ఒకరోజు సంధులు చెబుతుండగా మళ్ళీ వాల్చింది. సోమరితనం గురించి తరగతికంతా వినపడేట్లు ఉపన్యాసం ఇచ్చి, గంట కొట్టేదాకా నిలబెట్టాను. గోడకు చేరగిలబడితే అది కూడా వద్దన్నాను. కొన్ని నెలలకు బడి మానేసింది. పెళ్ళయి బోధన్ వైపు పోయిందని తెలిసింది. తరువాత మరచిపోయాను. మరచిపోవడం నిలబెట్టినవాడికి సులువు.

2025లో ఆమె తమ్ముడు ఏదో పని మీద ఇంటికి వస్తే అడిగి ఫోను కలిపించుకున్నాను. ముందుగా ఆ రోజు తప్పు చేశానని చెప్పాను. కొంతసేపు మాట లేదు.

"గది యాదికే లేదు సారూ," అన్నది. "మీరొక్కలా? మా అత్త అన్నది, మా ఆయన అన్నడు, కార్ఖానల అన్నరు. నాకు గప్పటి సంది పానం సుతారం లేదు. చాట ముందల గంట కూసుంటే కండ్లకు చీకట్లొస్తయ్. అందరు వెయ్యి బీడీలు జేస్తరు, నేను మున్నూరు జేస్తే రెండొద్దులు పడిపోత. పనిదొంగనే అనుకున్న సారూ. నేను గూడ."

ఆఖరి ఆ మాటలు నన్ను పట్టుకున్నాయి. నాకు పేరు చెప్పేవారు ఒక యేడాదికి దొరికారు. ఆమెకు పంతొమ్మిదేండ్లకు గాని దొరకలేదు, అది కూడా ఆమెను నిలబెట్టినవాడి నోట. నేను వైద్యుడిని కాను గనుక ముందు పరీక్షలు చేయించుకోమన్నాను. అలసట అంతా ఒకటే జబ్బు కాదు. రక్తహీనత, థైరాయిడ్, మధుమేహం, క్షయ, మనోవ్యాకులత, వీటిలో ఏదైనా కావచ్చు, వీటికి మందులున్నాయి. ఆమెకు రక్తం నిజంగానే చాలా తక్కువ ఉన్నది. మాత్రలతో అది నాలుగు నెలల్లో సరి అయింది, కొంత తెరిపినిచ్చింది. కాని మరునాటి పతనం పోలేదు. హైదరాబాదులో నన్ను చూసిన డాక్టరమ్మే ఆమెనూ చూసి నా జబ్బు పేరే చెప్పింది.

ఆమెకు చదవడం కష్టం, ఎక్కువసేపు ఫోనులో మాట్లాడడమూ కష్టమే. అందుకని రెండు నిముషాల మాటలు రికార్డు చేసి పంపుతుంటాను. వారానికి రెండు. పాఠం ఒక్కటే: అలసట రాకముందే ఆపు. యాభై బీడీలు చుట్టి చాట ప్రక్కన పెట్టు, పడుకో, మళ్ళీ యాభై. ఎవరైనా ఏమన్నా అంటే మా సారు చెప్పిండని చెప్పు. ఒకరోజు వాళ్ళ అత్తగారితో కూడా మాట్లాడాను. వయసులో నాకంటే పెద్దావిడ. "గప్పుడు బడిల మీకు దెల్వలే, ఇంట్ల మాకేం దెలుస్తది సారూ" అన్నది. నిష్ఠూరమో, ఓదార్పో తెలియలేదు. రెండూ నాకు తగినవే.

తరగతి గదుల్లో ఇంకా ఉన్న ఉపాధ్యాయ మిత్రులు ఈ వ్యాసం చదువుతుంటే ఒక్క మనవి. తల బల్ల మీద వాల్చిన పిల్లను నిలబెట్టే ముందు, నిన్న ఏమి చేసిందో, ఇవాళ ఎట్లున్నదో ఒకసారి అడగండి. మీకు జబ్బు పేరు తెలియనక్కరలేదు. మాట నమ్మితే చాలు.

మొన్న ఆమె దగ్గరి నుండి నలభై క్షణాల మాట వచ్చింది. "సారూ, ఇయ్యాల యాభై యాభై ఆరు తడవలు జేసిన. రేపు గూడ గన్నే జేస్త, ఎక్కువ జెయ్య. మీరు గూడ పండుకోండ్రి."

గంట మ్రోగింది. ఉంటాను.